కాల్షియము, కణము, ఎముక: ఫాస్ఫేటు వాదముపై నొక విమర్శ

కాల్షియమను మాట వినినంతనే సామాన్యునకు స్ఫురించునవి ఎముక, పన్ను, సున్నము. ఈ స్ఫురణ నిరాధారమైనది కాదు. దేహమునందలి కాల్షియములో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలయందును పళ్లయందునే యున్నవి. తెలుగున ఈ మూలకమునకు ‘ఖటికము’ అని పేరిడినవారును సుద్దను దృష్టియందుంచుకొనియే యట్లు పిలిచిరి. లాటిను పేరునకును సున్నమే మూలము. పేరులో దోషము లేదు గాని, రాతి పేరు మోయుచున్న పదార్థమును రాయిగానే తలచుట లోకస్వభావము. తత్ఫలితముగా మిగిలిన నూటవ పాలు, అందును కణాంతర్భాగమున స్వేచ్ఛగా సంచరించు లేశమాత్రము, పాఠ్యగ్రంథములలో అడుగున నొక వాక్యముతో సరిపుచ్చబడుట పరిపాటియైనది. జీవపరిణామక్రమమును పరిశీలించినచో ఈ వరుస తలక్రిందులైనదని తేలును. ఎముక పుట్టుటకు ఎన్నియో కోట్ల యేండ్లకు ముందే కాల్షియము కణమునకు వార్తలు మోయుచుండెను. ఎముక తరువాత వచ్చినది.

ఈ వరుసను సరిదిద్దుట పండితగోష్ఠికి మాత్రమే చెందిన పని కాదు. ధర్మపురి నుండి సేలమునకు పోవు రాచబాటపై నున్న నల్లంపల్లి ప్రాంతము, ఆ జిల్లాలోని మరికొన్ని ప్రాంతములవలెనే, బావినీటియందు ఫ్లోరైడు హెచ్చుగా గల నేలగా ప్రసిద్ధికెక్కినది. పళ్లపై గోధుమవన్నె చారలు, వంగని వెన్ను, బిగిసిన కీళ్లు ఆ నీటివలన వచ్చు వ్యాధియొక్క లక్షణములు. దీనిని ఎముకల వ్యాధి యందురు. అట్లనుట పొరపాటు కాదు, కాని అసంపూర్ణము. ఆ వ్యాధియందు ఎముక ఏల యంత సులభముగా లొంగిపోవుచున్నదో తెలియవలెనన్నచో, కణము కాల్షియమును ఎట్లు నియమించుకొన్నదో, ఏల నియమించుకొన్నదో ముందుగా విచారింపవలెను.

కణము వెలుపల రక్తరసమున స్వేచ్ఛాస్థితియందున్న కాల్షియము లీటరునకు సుమారు 48 మిల్లీగ్రాములు. విశ్రాంతస్థితియందున్న కణరసములో అది లీటరునకు కేవలము 4 మైక్రోగ్రాములు. అనగా లోపలికంటె వెలుపల పదివేల రెట్లకు పైగా నున్నది. సోడియమునకును పొటాసియమునకును గూడ లోపల వెలుపల భేదము కలదు గాని, అది పదిరెట్లు, ముప్పది రెట్లు మాత్రమే. కాల్షియము విషయమున కణము చూపు ఈ కాఠిన్యము వేరొక లోహముపై చూపదు. మానవకణమే గాదు, ఈస్టు, మొక్కల వేరు, పేగులయందుండు ఎషెరీషియా కోలై అను బాక్టీరియా, అన్నియు దాదాపు ఈ మట్టముననే కాల్షియమును నిలుపుచున్నవి. ఇంతటి ఏకరూపత కాకతాళీయము కాజాలదు.

ఈ లోహమునకు కణవ్యాపారములలో పాత్ర కలదని మొదట గ్రహించినవాడు లండను వైద్యుడు సిడ్నీ రింగరు. వేరుచేసిన కప్ప గుండె ఉప్పునీటిలో చాలసేపు కొట్టుకొనుచుండునని ఆయన 1882లో ప్రకటించెను. పిదప, ఆ ఉప్పునీటిని శుద్ధజలముతో గాక నగరపు గొట్టపు నీటితో చేయుట జరిగినదని తేలినది. శుద్ధజలముతో చేసిన ద్రావణమున గుండె త్వరలోనే నిలిచిపోయెను. గొట్టపు నీటియందలి కాల్షియమే ఆ గుండెను నడపినదని 1883లో ఆయనయే సరిదిద్ది ప్రచురించెను. త్రాగునీటియందలి లవణము జీవియొక్క గతిని నిర్ణయింపగలదను విషయము ప్రయోగరూపమున వెల్లడియగుట ఇదియే మొదలనదగును.

అయినను రింగరు చూపినది గుండె వెలుపలి కాల్షియము. లోపలి కాల్షియమే కండరమును ముడుచునని చెప్పుటకు ధైర్యము చేసినవాడు హైల్‌బ్రన్. ఆయన తన సహచరుడు వియర్‌సిన్‌స్కీతో గలిసి 1947లో కండరపు పోగులలోనికి వేర్వేరు లవణములను ఎక్కించి చూచెను. కాల్షియమొక్కటియే పోగును ముడిచినది, సోడియము, పొటాసియము, మెగ్నీషియము ఆ పని చేయలేదు. ఈ నిర్ణయమును ఆనాటి పెద్దలు ఆదరింపలేదు. పోగు ఉపరితలము నుండి నడుమకు ఏ పదార్థమైనను వ్యాపించుటకు పట్టు కాలము, కండరము ముడుచుకొను వేగమునకు చాలదని ఏ. వి. హిల్ 1948లో గణించి చూపెను. లెక్క సరియైనదే. కాని పోగు ఉపరితలము నుండి సన్ననినాళికలు లోనికి చొచ్చియున్నవనియు, వానిని హత్తుకొని కాల్షియపు సంచులు పొంచియున్నవనియు అప్పటికి తెలియదు. ఆ సంచులు కాల్షియమును పీల్చుకొనునని 1961లో జర్మనీయందు హాసెల్‌బాక్, మకినోసెలు నిరూపించిరి. ఆ కాల్షియమును అందుకొను ట్రోపోనిను అను మాంసకృత్తును ఆ దశాబ్దముననే జపానుయందు ఎబాషి కనుగొనెను. 1962లో జెల్లీచేపనుండి షిమోమురా ప్రభృతులు వేరుచేసిన ఇక్వోరిను అను మాంసకృత్తు కాల్షియము సోకినంతనే వెలుగునిచ్చును. దాని వలన కణములోపలి కాల్షియపు ఉబుకును కంట చూచుట సాధ్యమైనది. ఫలదీకరణ సమయమున చేప గ్రుడ్డు నొక కొననుండి వేరొక కొనకు ఆ వెలుగు అలవలె ప్రాకుట 1977 నాటికి చూచిరి. జీవి మొదటి క్షణమే కాల్షియపు అలతో ఆరంభమగుచున్నదని దీనివలన తేలినది.

ఇక కణము కాల్షియము నింతగా ఏల వెలివేసినదను ప్రశ్న. దీనికి ప్రచారమున నున్న సమాధానమునకు ఫాస్ఫేటు వాదమని పేరిడవచ్చును. 1970ల దశాబ్దమున దీనిని స్పష్టముగా ప్రతిపాదించినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రవేత్త క్రెట్సింజరు. ఈ వాదమునకు ఆధారమైన రసాయనమునందు తెలుగువారికి సన్నిహితమైన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డునందు ఫిస్కెతో గలిసి 1925లో ప్రచురించిన పద్ధతి, ఫాస్ఫేటును నీలివన్నెగా మార్చి కొలుచునట్టిది. ఆ నీలివన్నె సాయముననే 1927లో వారు కండరమున ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని గుర్తించిరి. అదే సంవత్సరమున జర్మనీయందు లోమను గూడ ఏ.టి.పి.ని కనుగొనెను. సుబ్బారావు చేసిన ఈ కృషి కాల్షియమును గూర్చినది కాదు. కాని కణము తన శక్తి నంతటిని ఫాస్ఫేటు నాణెములలో చెల్లించుకొనుచున్నదను ఎరుక దానివలననే స్థిరపడినది. ఫాస్ఫేటు వాదము మొదలగునది అచ్చటనే. ఫాస్ఫేటును నాణెముగా ఎన్నుకొన్న కణము దానిని ధారాళముగా లోన నిలువయుంచుకొనవలెను. అట్టి ద్రావణమునందు సముద్రజలమున నున్నంత, అనగా లీటరునకు 400 మిల్లీగ్రాముల, కాల్షియము చేరినచో కాల్షియము ఫాస్ఫేటుగా గడ్డకట్టి అడుగున దిగును, నాణెములన్నియు రాళ్లగును. కావున కణము కాల్షియమును బయటకు తోడవలసివచ్చినదని ఈ వాదము.

వాదము చక్కనిది. ఒక్క సూత్రముతో సర్వజీవులకును సమానమైన లక్షణమును వివరించుచున్నది. కాల్షియమును తోడు పంపు ఏ.టి.పి.నే ఖర్చుపెట్టి తోడుచున్నదనుట దానికి మరింత బలము. ఫాస్ఫేటును రక్షించుకొనుటకు ఫాస్ఫేటునే వ్యయపరచుచున్నదన్నమాట. అయినను చక్కదనము వేరు, ప్రామాణ్యము వేరు. ఈ వాదమును యథాతథముగా అంగీకరించుటకు కొన్ని అభ్యంతరములు కలవు.

మొదటిది సముద్రమునకు సంబంధించినది. నేటి సముద్రమున కాల్షియము హెచ్చుగా నున్నదని, జీవము పుట్టిననాటి సముద్రమునకును అదే కూర్పును ఆరోపించుట న్యాయము కాదు. 1985లో కెంపె, డెగెన్సులు ప్రతిపాదించిన మతము ననుసరించి ఆదిసముద్రము సోడా జలముతో నిండి, కాల్షియము చాల తక్కువగా నుండెను. ఇది నిజమైనచో తొలికణము కాల్షియమును వెలివేసినదనుటకంటె, కాల్షియము లేనిచోట పుట్టి, పిమ్మట వెలుపల అది పెరుగుచుండగా తన పుట్టినింటి కూర్పునే లోన కాపాడుకొన్నదనుట సమంజసము. ఈ రెండు కథలకును ఫలిత మొక్కటియే, ప్రేరణ వేరు. సోడా సముద్ర మతము సర్వసమ్మతము కాదు. దానిని త్రోసిపుచ్చకుండ ఫాస్ఫేటు వాదమును సిద్ధాంతముగా చెప్పుటయు తగదు.

రెండవ అభ్యంతరము మెగ్నీషియము. అదియు రెండు ధనావేశములు గలదియే, ఫాస్ఫేటును పట్టుకొనునదియే. అయినను కణము దానిని వెలివేయలేదు సరికదా, ఏ.టి.పి.కి జంటగా నిలుపుకొన్నది. భేదము ఆవేశమునందు లేదు, నీటిని వదలు వేగమునందున్నది. మెగ్నీషియము తన చుట్టునున్న నీటి అణువులను గట్టిగా పట్టుకొని మెల్లగా విడుచును. కాల్షియము దానికంటె సుమారు వేయిరెట్ల వేగముతో విడిచి, ఆరు మొదలు ఎనిమిది వరకు ఎన్ని చేతులనైనను అందుకొనగల అవకాశము గలిగియున్నది. ఈ చురుకుదనమే దానిని ప్రమాదకారిని చేసినది, ఈ చురుకుదనమే తరువాత వార్తాహరత్వమునకు పనికివచ్చినది. గడ్డకట్టుటను మాత్రమే చెప్పి ఈ వేగమును విస్మరించిన వాదము సగము కథనే చెప్పుచున్నది.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. కసవును బయటకు ఊడ్చుట వేరు, ఆ కసవుతోనే జాబు వ్రాయుట వేరు. మొదటి దానినుండి రెండవదెట్లు వచ్చినదో ఫాస్ఫేటు వాదము చెప్పదు, చెప్పనక్కరలేనట్లు దాటిపోవును. పదివేల రెట్ల వాలు ఏర్పడినపిదప చిన్నద్వార మొకటి తెరచినను లోపలి మట్టము క్షణములో పదిరెట్లు పెరుగును, కనుక సంకేతమునకు ఇంతకంటె అనుకూలమైనది లేదనుట నిజమే. కాని సంకేతమన్నచో దానిని చదువువాడొకడుండవలెను. ఆ చదువరి కాల్మాడ్యులిను. 1970 ప్రాంతమున కనుగొనబడిన ఈ చిన్న మాంసకృత్తునందు 148 ఎమైనో ఆమ్లములు, కాల్షియమును పట్టు నాలుగు గూళ్లు గలవు. ఆ గూటి ఆకృతిని 1973లో కార్పుచేప కండరమునందలి వేరొక మాంసకృత్తున క్రెట్సింజరే వర్ణించెను. జంతువులు, మొక్కలు, శిలీంధ్రములు, అన్నింటను కాల్మాడ్యులిను కలదు. కావున ఈ మూడు శాఖలు విడిపోకమునుపే, వాని ఉమ్మడి పూర్వజీవియందే, అది యుండెననుట తథ్యము. అయితే 1991లో ఈస్టుపై వెలువడిన ఫలిత మొకటి ఆలోచింపదగినది. కాల్మాడ్యులిను లేనిచో ఈస్టు బ్రదుకదు. కాని కాల్షియమును పట్టలేకుండ మార్చిన కాల్మాడ్యులినుతో బ్రదికినది. అనగా ఆ మాంసకృత్తునకు కాల్షియముతో నిమిత్తములేని వృత్తియు నొకటి కలదు. చదువరి మొదట వేరొక పనికై యుండి, చదువు తరువాత నేర్చెనేమో యను అనుమానమునకు ఇది తావిచ్చుచున్నది. ఒక్క ఈస్టునుబట్టి పూర్వచరిత్రను నిర్ణయించుట సాహసమే. అయినను వెలివేతయే తనంతట సంకేతముగా పరిణమించెనను సులభకథనమునకు ఇది అడ్డు.

ఏకకణజీవులలో జంతువులకు దగ్గరి చుట్టములైన కోఆనోఫ్లాజెలేటులలో నొకదాని జన్యుక్రమము 2008లో వెలువడినది. నాడికిని కండరమునకును అవసరమైన కాల్షియపు ద్వారములు, పంపులు, వాని పరికరములు చాలభాగము అందు ఉన్నవి. నాడి లేదు, కండరము లేదు, ఎముక ఊసే లేదు. పనిముట్లు మాత్రము సిద్ధముగా నున్నవి.

ఎముక ప్రసంగమునకు వచ్చునప్పటికి ఫాస్ఫేటు వాదమునందలి విలువైన అంశము బయటపడును. సకశేరుకముల ఎముక దేనితో నిర్మితమైనది? కాల్షియము ఫాస్ఫేటుతో. కణము తనలోపల ఏర్పడునేమోయని భయపడిన ఆ గడ్డనే కణసమూహము వెలుపల, తాను కోరినచోట, తాను కోరిన ఆకృతిలో పెట్టించుకొన్నది. నిలబడుటకు ఆధారము దొరకినది, కాల్షియమునకు నిలువయు దొరకినది. రక్తమునందు కాల్షియము తగ్గిన క్షణమున పారాథైరాయిడు గ్రంథి దానిని గుర్తించి స్రావమును విడుచును; ఎముక కరగి రక్తమునకు కాల్షియము నిచ్చును. ఆ గుర్తించు గ్రాహకము 1993లో వివరింపబడినది. వెలుపలి కాల్షియము హెచ్చినప్పుడు ఆ గ్రాహకము గ్రంథికణములోపల కాల్షియమునే ఉబికించి స్రావమును ఆపుననుట చిత్రము. నాడి మొద్దుబారకుండ, గుండె తడబడకుండ చూచుట ఈ ఏర్పాటుయొక్క ప్రథమ ప్రయోజనము. ఎముక దృఢత్వము దాని తరువాతిది. రెండింటిలో నొకటి పోవలసివచ్చినచో దేహము ఎముకనే వదలుకొనును.

నల్లంపల్లి నీటి సమస్యను ఈ దృష్టితో చూడవలెను. ఫ్లోరైడు వ్యాధి దక్షిణదేశమునకు క్రొత్తది కాదు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అనువారు నాటి మదరాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో దీనిని మొదట వర్ణించిరి. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగులను గూర్చి ప్రకటించెను. ఈ ప్రదేశములన్నింటను అడుగున నున్నవి గ్రానైటు, నైసు వంటి ప్రాచీనశిలలు. ధర్మపురి నేలయు అట్టిదే. రాతియందు ఫ్లోరైడున్నంతమాత్రమున నీటియందు హెచ్చవలెనని లేదు. నీటిలో కాల్షియమున్నచో ఫ్లోరైడు దానితో గలిసి అడుగంటును. నీటిలో సోడియము, బైకార్బొనేటు హెచ్చి కాల్షియము తగ్గినచోటనే ఫ్లోరైడు విచ్చలవిడిగా కరగి నిలుచును. కెంపె, డెగెన్సులు ఆదిసముద్రమునకు ఊహించిన సోడా జలపు లక్షణము, కొంత తేడాతో, ఈ బావులయందు ప్రత్యక్షము. భారతీయ ప్రమాణము ననుసరించి త్రాగునీట ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదు, వేరు గతి లేనిచోట 1.5 వరకు ఒప్పుకొందురు.

దేహమున చేరిన ఫ్లోరైడు ఎముకయందలి స్ఫటికములలో హైడ్రాక్సిలు స్థానము నాక్రమించును. అట్లేర్పడిన స్ఫటికము సులభముగా కరగదు. పైపెచ్చు ఫ్లోరైడు ఎముకకణములను ప్రేరేపించి క్రొత్త ఎముకను అస్తవ్యస్తముగా పెట్టించును, స్నాయువులనుగూడ గట్టిపరచును. దీనివలన రెండు చిక్కులు కలుగును. క్రొత్త ఎముకకు కాల్షియము కావలసియుండును. పాత నిలువనుండి కాల్షియమును తీయుట కష్టమగును. ఇదిట్లుండగా రోగుల రక్తపరీక్షలో కాల్షియము తరచు సాధారణస్థాయియందే కన్పట్టును. ఈ సంగతి చూచి కాల్షియమునకు లోపము లేదని తీర్మానించుట పెద్దపొరపాటు. రక్తమట్టము నిలిచియుండుట లోపము లేకుండుటకు సాక్ష్యము కాదు. దేహము ఏమూల్యమునకైనను ఆ మట్టమును నిలుపుననుటకు సాక్ష్యము. కొందరు రోగులయందు పారాథైరాయిడు స్రావము హెచ్చియుండుట 1970ల దశాబ్దము నుండి నమోదై యున్నది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు, ఫ్లోరైడు ప్రాంతపు యువజనులలో మోకాళ్లు లోనికి వంగి తగులుకొను వైకల్యమును ఎముకల పలుచదనముతో గూడినదానిగా వర్ణించిరి. ఒకే ఎముకలవ్యవస్థలో వెన్ను చిక్కబడి కాళ్లు పలుచబడుట, ఫ్లోరైడు గట్టిపరచుననెడి ఏకసూత్రముతో అర్థము కాదు. ఒకవంక ఫ్లోరైడు ఎముకను పెంచుచుండగా, వేరొకవంక కణముల కాల్షియపు మట్టమును కాపాడుటకు ఎముక కరగుచున్నదని గ్రహించినగాని అర్థము కాదు.

ఫ్లోరైడు కణసంకేతమును నేరుగా గూడ తాకునని చెప్పువారు కలరు. అల్యూమినియముతో గలిసిన ఫ్లోరైడు, ఆకృతిలో ఫాస్ఫేటును పోలి, కణపొరయందలి జి-మాంసకృత్తులను మోసగించి మేల్కొల్పునని 1980ల దశాబ్దమున పరీక్షనాళికలలో తేలినది. జి-మాంసకృత్తులు మేల్కొన్నచో కణములోపలి సంచులనుండి కాల్షియము ఉబుకును. ఇది ప్రయోగశాలయందలి సత్యము. దీనిని తీసికొనిపోయి పల్లెయందలి వ్యాధికి కారణముగా ఆరోపించుటకు తగిన ఆధారము లేదు. అట్టి వ్యాసములు కన్పట్టినప్పుడు పాఠకులు జాగరూకులై యుండవలెను.

చికిత్స విషయమున పై విచారమునుండి తేలునది స్పష్టము. కాల్షియము నిచ్చుట నీటిని మార్చుటకు బదులు కాజాలదు, నీటిని మార్చుటయు ఆహారమునందలి కాల్షియమునకు బదులు కాదు. భోజనముతో చేరిన కాల్షియము పేగులయందే కొంత ఫ్లోరైడును పట్టి బయటకు పంపును, రక్తమట్టమును నిలుపు భారమును ఎముకపై నుండి కొంత తగ్గించును. ధర్మపురి మెట్టనేలలకు రాగి పంట చిరపరిచితము. నూరు గ్రాముల రాగులలో కాల్షియము 340 మిల్లీగ్రాములకు పైబడి యున్నది. అంతే తూకముగల తెల్లబియ్యమున సుమారు 10 మిల్లీగ్రాములు. సంగటి ముద్ద స్థానమున మూడుపూటల వరియన్నమే వచ్చిన యింట, నీటి ఫ్లోరైడు మారకున్నను దాని హాని మారును. రాగియందలి ఫైటేటు కాల్షియమును కొంత అడ్డగించుననుట నిజమే గాని, ముప్పదింతల తేడాను అది పూడ్చలేదు.

నీటి విషయమున రెండు మార్గములు నడచినవి. పటికను సున్నమును గలిపి ఫ్లోరైడును తేర్చు నల్లగొండ పద్ధతిని 1970ల దశాబ్దమున నాగపురమునందలి జాతీయ పరిసర ఇంజనీరింగు పరిశోధనసంస్థ రూపొందించినది. అది చవుకయైనది, కాని పాళ్లు తప్పినచో నీట అల్యూమినియము మిగులును; ప్రతిదినమును ప్రతియింటను కొలత తప్పకుండ చేయుమనుట వ్రాతలోనున్నంత తేలిక కాదు. రెండవది నదీజలము. 2008లో శంకుస్థాపన జరిగి, జపాను ఋణసహాయముతో 2013లో ప్రారంభమైన హొగేనకల్ పథకము కావేరి నీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు చేర్చుటకు ఉద్దేశింపబడినది. ఫ్లోరోసిసు నివారణ యను మాట దాని పేరులోనే కలదు. బావినీటికి మరల పోనంతవరకే దాని ఫలము దక్కును. కొళాయి రాని దినమున పాతబోరు వైపు నడచు బిందెలను పథకపు లెక్కలు చూపవు.

నీరు మారినపిదప దేహమున జరుగు మార్పును గూర్చియు ఒకమాట చెప్పవలసియున్నది. ఎముక జీవించియున్న ధాతువు. కణములు దానిని కరగించుచు, మరల కట్టుచు నుండును. కావున అందలి ఫ్లోరైడు ఏండ్లతరబడి మెల్లగా తగ్గి మూత్రమార్గమున వెడలును. బిగిసిన స్నాయువులు మాత్రము మరల మెత్తబడుట అరుదు. పంటి పైపొర సంగతి వేరు. దానిని నిర్మించు కణములు బాల్యమున, దవడయందు పన్ను దాగియున్న కాలముననే తమ పనిని ముగించి, పన్ను పైకి వచ్చుటతో నశించును. మరల కట్టుటకు అచ్చట కణము లేదు. ఎనిమిదేండ్ల లోపు త్రాగిన నీటి గురుతు అందుచేతనే పంటిపై ఆజన్మాంతము నిలిచియుండును. కావేరి నీటి పథకము ఏబిడ్డకు ఎంతవరకు అందినదో తెలిసికొనుటకు, 2013 తరువాత నల్లంపల్లిలో పుట్టిన పిల్లల ముందుపళ్లను చూచుటకంటె నమ్మదగిన పరీక్ష లేదు.